వెన్నెల్లో 111 కిలోమీటర్లు

ఆస్ట్రేలియాలో సిడ్నీకి వాయవ్యంగా హాక్స్‌బరీ అనే నది ఉంది. అక్కడి మూలవాసులైన దారుగ్ ప్రజలు దాన్ని డీరబ్బిన్ అంటారు. ఏటా అక్టోబరు చివర్లో, అంటే అక్కడి వసంతకాలంలో, విండ్సర్ అనే ఊరి దగ్గర చిన్న చిన్న పడవలు ఈ నదిలోకి బారులు తీరి దిగుతాయి. అప్పటికి పొద్దు వాలుతూ ఉంటుంది. రాత్రంతా తెడ్డు వేసుకుంటూ పోతే 111 కిలోమీటర్ల దిగువన, సముద్రం వాసన తగిలే బ్రూక్లిన్ పరిసరాల్లో ఒడ్డెక్కవచ్చు. దీని పేరు హాక్స్‌బరీ కనూ క్లాసిక్. 1977లో మొదలైంది.

ఇందులో పాల్గొనేవాళ్లు ఇరుగుపొరుగునీ, బంధువుల్నీ, ఆఫీసులో తోటివాళ్లనీ అడిగి చందాలు పోగేస్తారు. ‘నేను రాత్రంతా పడవ నడుపుతాను, మీరు తోచినంత ఇవ్వండి’ అన్నదే ఒప్పందం. అలా వచ్చిన సొమ్ము ఏళ్లుగా ఆరో అనే సంస్థ ద్వారా ఎముక మూలుగ మార్పిడికి, రక్త క్యాన్సర్ల పరిశోధనకు చేరుతోంది.

పడవ నడపడానికీ క్యాన్సర్‌కూ ఏమిటి సంబంధం? డబ్బు పోగుచేయడానికి అదో వంక, అంతేనా? పైకి అలాగే కనిపిస్తుంది. కాస్త తరచి చూస్తే నదిలో, కండరంలో, మూలుగలో, చంక కింది గ్రంథుల్లో ఈ రెంటినీ కలిపే సైన్సు కనిపిస్తుంది. ఆ దారిలో మనకు బాగా తెలిసిన ఒక తెలుగాయన మూడుసార్లు ఎదురవుతారు.

నది వెనక్కి పారే వేళ

విండ్సర్ సముద్రానికి వంద కిలోమీటర్లకు పైగా ఎగువన ఉంది. అయినా అక్కడి నీటికి పోటూ పాటూ తెలుస్తాయి. కోనసీమ పాయల్లో వల వేసేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. సముద్రం పొంగినప్పుడు నీరు నదిలోకి ఎగదన్నుతుంది, తగ్గినప్పుడు గబగబా దిగిపోతుంది. అందుకే వెన్నెలనూ, పోటుపాట్లనూ చూసుకునే ఈ పందేనికి తేదీ పెడతారు. పౌర్ణమి దగ్గర్లో సూర్యుడు, భూమి, చంద్రుడు ఒకే వరసలో ఉంటారు కాబట్టి పోటు పెద్దదిగా వస్తుంది, పాటు కూడా అంతే బలంగా లాగుతుంది.

ఇక్కడొక తమాషా ఉంది. ఒడ్డున నిలబడ్డవాడికి ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. పడవలో ఉన్నవాడికి అంత సమయం దొరకదు. పోటు అంటే సముద్రం నుంచి నది పైకి పాకే ఒక పొడవాటి అల. పడవ దానికి ఎదురుగా వెళుతోంది. మనం నడుస్తుంటే ఎదురుగా వచ్చే బస్సు తొందరగా చేరినట్టు, తర్వాతి పోటు పడవను ముందే అందుకుంటుంది. ‘నీరు మనవైపే ఉంది’ అనుకుని హాయిగా సాగుతున్నవాడికి కాసేపటికే నది అడ్డం తిరుగుతుంది.

అప్పుడు ఏం చేయాలి? ఒడ్డు వారగా, వంపుల్లో లోపలి అంచు పట్టుకుని పోవాలి. నేలకు రాసుకునే చోట నీటి వేగం తక్కువ. ప్రవాహం కలిసొచ్చినప్పుడు మాత్రం నడిమి లోతుల్లోకి, వంపుల్లో బయటి అంచుకు వెళ్లాలి. పడవ బతుకులో పుట్టినవాళ్లకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. ప్రవాహ శాస్త్రం ఇదే సంగతిని సమీకరణాల్లో రాసింది.

పడవకు దానికదే అడ్డం

ఈ పందెంలో కయాక్‌లూ ఉంటాయి, కనూలూ ఉంటాయి. కయాక్‌లో కాళ్లు ముందుకు చాపుకుని కూర్చుంటారు. తెడ్డుకు రెండు కొసలా రెక్కలు ఉంటాయి. కనూలో పీట మీదో మోకాళ్ల మీదో కూర్చుంటారు, తెడ్డుకు ఒకటే రెక్క.

ఏ పడవైనా కదిలితే ముక్కు దగ్గర ఒక అల లేస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల సాగుతుంది. అల పొడవు సరిగ్గా పడవ పొడవంత అయ్యేసరికి, పడవ తాను లేపిన అల గుంటలోనే చిక్కుకుంటుంది. ఇంకా వేగం కావాలంటే ఆ అలను ఎక్కాలి. 5 మీటర్ల పడవకు ఈ హద్దు గంటకు దాదాపు 10 కిలోమీటర్లు. సన్నగా, పొడుగ్గా ఉండే పందెపు పడవలు నీటిని తక్కువగా చీల్చి ఈ హద్దును దాటగలవు. మామూలు పడవలో ఎంత ఒళ్లు విరుచుకున్నా లాభం కొంచెమే.

హద్దు దాకా పోకముందే నీరు పన్ను వేయడం మొదలుపెడుతుంది. పడవకు కావలసిన శక్తి, వేగానికి ఘనంగా పెరుగుతుంది. అంటే వేగం పదో వంతు పెంచాలంటే మూడో వంతు ఎక్కువ శక్తి పెట్టాలి. అందుకే అనుభవజ్ఞులు మొదటి గంటలో ఎవరు దాటిపోయినా పట్టించుకోరు. ముందుపోయే పడవ లేపిన అల మీద ఆనుకుని, వెనకో పక్కనో సర్దుకుని, తక్కువ శ్రమతో లాగిస్తారు.

తెడ్డు వేసేది చేతులు కాదు

కయాక్ కొత్తగా పట్టినవాళ్లు చేతులతో లాగుతారు. గంటలోపే మోచేతుల కింద కండలు బిగుసుకుంటాయి. నేర్పరి పద్ధతి వేరు. తెడ్డు రెక్కను పాదం పక్కన నీటిలో ముంచి, నడుమును తిప్పుతాడు. రెక్క తుంటి దగ్గరికి వచ్చేసరికి పైకి తీసేస్తాడు. చేతులు తాళ్లలాంటివి, పని చేసేది నడుమూ వీపూ. అదే వైపు కాలితో అడుగు పలకను తన్నితే ఆ బలం తుంటి మీదుగా తెడ్డుకు చేరుతుంది.

పిడికిలి కూడా బిగించకూడదు. గంటకు 8 కిలోమీటర్ల చొప్పున పోయినా ఈ దూరానికి 14 గంటలు పడుతుంది. నిమిషానికి 60 సార్లు తెడ్డు వేస్తే మొత్తం 50 వేల పైచిలుకు. అన్నిసార్లూ మణికట్టు వంగితే బొటనవేలి వైపు నరాలు, అంటే స్నాయువులు, వాటి తొడుగుల్లో రాసుకుని వాచిపోతాయి. అరచేతి బొబ్బలకు కారణం పై చర్మం ఒరుసుకుపోవడమేనని అనుకుంటాం. నిజానికి తెడ్డుకు అతుక్కున్న పై చర్మం ఒకవైపు, లోపలి ఎముక మరోవైపు కదులుతుంటే మధ్య పొరలు సాగి చిరుగుతాయి. ఆ చిరుగులో నీరు చేరుతుంది. ‘పిచ్చుకను పట్టుకున్నట్టు పట్టుకో’ అని శిక్షకులు చెప్పేది ఇందుకే.

ఇంత పనికీ కండరం వాడేది ఏమిటి? తిన్న అన్నం నేరుగా కాదు. కండరానికి చెల్లే నాణెం ఒక్కటే, దాని పేరు ఏటీపీ. ఒంట్లో అది కొన్ని సెకన్లకు సరిపడా మాత్రమే ఉంటుంది. ఖర్చయిన వెంటనే మళ్లీ తయారవుతూ ఉండాలి. ఒక్కసారిగా జోరు పెంచినప్పుడు ఫాస్ఫోక్రియాటిన్ అనే మరో పదార్థం దాదాపు పది సెకన్ల పాటు అప్పిస్తుంది.

భీమవరంలో పుట్టి, గోదావరి ఒడ్డున రాజమహేంద్రవరంలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు మనకు మొదటిసారి ఎదురయ్యేది ఇక్కడే. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కండరంలో గుర్తించారు. జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా అదే ఏడాది ఏటీపీని విడిగా కనిపెట్టారు. కండరాన్ని నడిపేది లాక్టిక్ ఆమ్లమన్న అప్పటి నమ్మకం ఈ పనితో పక్కకు జరిగింది.

తెల్లవారుజాము నాలుగింటికి

ఈ వేగంతో తెడ్డు వేస్తే గంటకు 400 నుంచి 500 కిలోకేలరీలు ఖర్చవుతాయి. కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో దాచుకున్న పిండిపదార్థం దాదాపు 2,000 కిలోకేలరీలకు మించదు. కొవ్వు దండిగానే ఉంటుంది కానీ అది నెమ్మదిగా కాలే పిడక. అందుకే ఆకలి వేసేదాకా ఆగకుండా గంటకు 60 గ్రాముల దాకా పిండిపదార్థం లోపలికి పంపుతూ ఉండాలి. అరటిపండు, ఉడికించిన బంగాళదుంప, తీపి నీళ్లు ఏవైనా సరే. గ్లూకోజ్‌తో పాటు ఫ్రక్టోజ్ కూడా ఉంటే పేగు వేర్వేరు ద్వారాల నుంచి రెంటినీ పీల్చుకుంటుంది కాబట్టి 90 గ్రాముల దాకా ఒంటపడుతుంది.

సగం దాటాక వైజ్‌మన్స్ ఫెర్రీ అనే ఊరు వస్తుంది. ఇనుప తాళ్లు పట్టుకుని కార్లను అటూ ఇటూ దాటించే పంటు ఇప్పటికీ అక్కడ నడుస్తోంది. పడవలో ఉన్నవాళ్ల కోసం వచ్చిన ఇంటివాళ్లూ స్నేహితులూ ఒడ్డున కాచుకుని ఉంటారు. వాళ్లను ల్యాండ్ క్రూ అంటారు. నడిరేయి దాటాక ఒక్కో పడవ ఒడ్డుకు తగులుతుంది. దిగబోయినవాడి కాళ్లు నిలవవు, ఇద్దరు చంకల కింద చేతులేసి లేపాలి. తడి చొక్కా విప్పి పొడిది తొడుగుతారు, దుప్పటి కప్పి వేడి సూపు చేతికిస్తారు. నీరు గాలికన్నా దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. తెడ్డు వేస్తున్నంతసేపూ కండరాల వేడి కాపాడుతుంది. ఆగిన క్షణం నుంచి తడి బట్టలే శత్రువులు.

ఆ తర్వాత వచ్చే గంటలే అసలు పరీక్ష. తెల్లవారుజాము మూడు నుంచి ఐదింటి మధ్య ఒంటి వేడి రోజు మొత్తంలోకీ అడుగుకు పడిపోతుంది. మెదడులోని గడియారం నిద్రపొమ్మని గట్టిగా ఒత్తిడి చేస్తుంది. అలసిన కళ్లకు ఒడ్డున చెట్లు మనుషుల్లా కనిపించవచ్చు. ఆ చీకట్లో ముందు పడవ ఎక్కడుందో చెప్పేది దాని మీద కట్టిన రసాయన దీపం. గొట్టాన్ని వంచితే లోపలి గాజు పగిలి హైడ్రోజన్ పెరాక్సైడ్ మరో రసాయనంతో కలుస్తుంది. ఆ చర్యలో పుట్టిన శక్తిని రంగు పదార్థం వెలుగుగా మారుస్తుంది. మిణుగురు పురుగు దీపంలా చల్లని వెలుగు అది.

నల్లి ఎముకలోని కర్మాగారం

ఇంత కష్టపడి తెచ్చిన డబ్బు వెళ్లేది మూలుగ కోసం. మాంసం కూరలో నల్లి ఎముక జుర్రుకున్నవాళ్లకు మూలుగ అంటే వేరే చెప్పక్కర్లేదు. పెద్దవాళ్లలో రక్తం తయారుచేసే ఎర్ర మూలుగ ఎక్కువగా తుంటి, వెన్ను, రొమ్ము ఎముకల్లో ఉంటుంది. సెకనుకు 20 లక్షలకు పైగా ఎర్ర కణాలను అది తయారు చేస్తుంది. మూల కణాలు అనే కొద్దిపాటి విత్తనాల నుంచే ఎర్ర కణాలు, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు అన్నీ పుడతాయి. ల్యుకీమియా అనే రక్త క్యాన్సర్‌లో ఎదగని తెల్ల కణాలు కలుపులా పెరిగి మడి మొత్తాన్ని ఆక్రమిస్తాయి.

మందులకు లొంగని కలుపు ఉన్నప్పుడు మూలుగ మార్పిడి చేస్తారు. బలమైన మందులతో, అవసరమైతే రేడియేషన్‌తో మూలుగను ఖాళీ చేస్తారు. తర్వాత దాత మూల కణాలను రక్తం ఎక్కించినట్టే నరం ద్వారా ఎక్కిస్తారు. ఎవరూ దారి చూపకుండానే అవి ఎముకల్లోకి చేరి, రెండు మూడు వారాల్లో కొత్త రక్తం తయారుచేయడం మొదలుపెడతాయి. దాత నుంచి వచ్చిన రక్షణ కణాలు మిగిలిపోయిన క్యాన్సర్ కణాలను కూడా వేటాడతాయి. ఒక్కోసారి రోగి చర్మం, పేగు, కాలేయం మీదా పడతాయి. మేలును ఉంచి ఈ కీడును తగ్గించడమెలా అన్నదే ఈ రంగంలో దశాబ్దాలుగా సాగుతున్న ముఖ్యమైన పరిశోధన. ఈ వైద్యానికి బాట వేసిన డొనాల్ థామస్‌కు 1990లో నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో 1983లో ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి దీన్ని మొదలుపెట్టింది.

ల్యుకీమియాకు మందే లేని రోజుల్లో తొలి ఆశ చిగురించిన చోట సుబ్బారావు మళ్లీ ఎదురవుతారు. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బుకు పనికొచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం కృత్రిమంగా తయారుచేసింది. కణం చీలాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. దాన్ని పోలి ఉండి, దాని చోటు ఆక్రమించి, పని మాత్రం చేయని నకిలీని ఇస్తే? వెర్రిగా చీలే క్యాన్సర్ కణాలు ముందు ఆకలితో మాడతాయి. ఆ నకిలీలనూ ఆ బృందమే చేసిపెట్టింది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ వాటిలో ఒకటైన అమినాప్టెరిన్‌ను ల్యుకీమియా పిల్లలకు ఇచ్చారు. 1948లో ఆయన ప్రకటించిన ఫలితాల ప్రకారం 16 మందిలో 10 మంది తేరుకున్నారు. కొద్ది నెలలపాటే అయినా, పిల్లల ల్యుకీమియా ఒక మందుకు లొంగి వెనకడుగు వేయడం అదే మొదలు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ పిల్లల ల్యుకీమియా వైద్యంలో ఉంది. ఫార్బర్ ఫలితాలు వచ్చిన 1948లోనే, ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు.

అదే 1948లో ఫార్బర్ మరో పని చేశారు. ఆసుపత్రిలో ఉన్న ఒక పిల్లవాణ్ని ‘జిమ్మీ’ అనే మారుపేరుతో రేడియోలో మాట్లాడించారు. విన్నవాళ్లు పంపిన చిన్న చిన్న మొత్తాలు కలిసి 2 లక్షల 31 వేల డాలర్లు దాటాయి. జిమ్మీ ఫండ్ అలా పుట్టింది. రాత్రంతా తెడ్డు వేసి తెచ్చే చందా కూడా ఆ కోవలోదే. ప్రభుత్వాలూ కంపెనీలూ ఇంకా నమ్మని ఆలోచనకు తొలి పెట్టుబడి చాలాసార్లు ఇలాంటి చిల్లర డబ్బే.

బోదకాలు చెప్పిన పాఠం

ఇప్పటిదాకా తెడ్డు డబ్బు తెచ్చింది. కెనడాలోని వాంకూవర్‌లో అది ఏకంగా వైద్యుల నమ్మకాన్నే మార్చింది.

రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్సలో చంక కింది లింఫు గ్రంథులను కూడా తీసేసేవారు. అప్పుడు చేతిలోని లింఫు ద్రవానికి దారి మూసుకుపోయి చెయ్యి వాస్తుంది. కోస్తా జిల్లాల్లో బోదకాలు చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడ దారి మూసేది దోమ తెచ్చిన పురుగు, ఇక్కడ శస్త్రచికిత్స. ఆ పురుగుకు నేటికీ వాడే డైఇథైల్ కార్బమజీన్ మందు కూడా సుబ్బారావు బృందం నుంచే వచ్చింది. ఆయన మూడోసారి కనిపించేది ఇక్కడ.

చెయ్యి వాస్తుందన్న భయంతో 1990లలో కూడా ఆ మహిళలకు బరువులు ఎత్తవద్దనీ, ఒకే పనిని పదేపదే చేయవద్దనీ చెప్పేవారు. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో క్రీడా వైద్యుడు డాన్ మెకెంజీకి ఇది సబబుగా తోచలేదు. లింఫుకు గుండెలాంటి పంపు లేదు. దాని నాళాలు కొంత తమంతట తాము ముడుచుకుంటాయి, చుట్టూ ఉన్న కండరాలు పిండితే ద్రవం ఇంకా బాగా కదులుతుంది, లోపలి కవాటాలు దాన్ని వెనక్కి పోనివ్వవు. అలాంటప్పుడు కండరాలను కదలనివ్వకపోతే వాపు తగ్గుతుందా, పెరుగుతుందా?

1996లో ఆయన రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడిన 24 మంది మహిళలను డ్రాగన్ బోటు ఎక్కించారు. వరసగా కూర్చుని ఒకే తాళంలో తెడ్డు వేసే పెద్ద పడవ అది. వద్దన్న పనినే, పదేపదే, క్రమంగా పెంచుతూ చేయించారు. ఒక్కరికీ కొత్తగా వాపు రాలేదు. 24 మంది చిన్న సంఖ్యే. కానీ తర్వాత అమెరికాలో, అప్పటికే చెయ్యి వాచిన 141 మంది మహిళలతో జరిగిన పరీక్షలో, పద్ధతిగా బరువులు ఎత్తినవాళ్లకు వాపు పెరగలేదనీ, ఉబ్బరించే సందర్భాలు తగ్గాయనీ 2009లో తేలింది. వాంకూవర్ పడవ చూసి ఇలాంటి జట్లు చాలా దేశాల్లో పుట్టాయి. యూకాన్ నదిలో జరిగే 715 కిలోమీటర్ల పందేనికి కూడా 2001లో ఇలాంటి మహిళల జట్టు ఒకటి వెళ్లడం మొదలుపెట్టింది.

వ్యాయామం క్యాన్సర్‌నే ఆపుతుందా అన్న ప్రశ్నకూ ఇప్పుడు కొంత జవాబు ఉంది. పెద్దపేగు క్యాన్సర్‌కు చికిత్స పూర్తయిన 889 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2025లో వచ్చాయి. శిక్షకుల సాయంతో మూడేళ్లు వ్యాయామం చేసినవాళ్లలో 8 ఏళ్ల తర్వాత 90 శాతం మంది బతికి ఉన్నారు. సలహా పుస్తకం మాత్రమే అందుకున్నవాళ్లలో అది 83 శాతం. అయితే ఇది చికిత్స అయ్యాక దానికి తోడుగా చేసిన పని. చికిత్సకు బదులు కాదు. తెల్ల కణాలు పడిపోయి ఉన్న రోజుల్లో నది నీళ్లలో దిగడం ప్రమాదం కూడా. డాక్టరు చెప్పాకే మొదలుపెట్టాలి.

మీరు తెడ్డు పట్టనక్కర్లేదు

హాక్స్‌బరీ పడవల మీద వచ్చిన డబ్బు మూలుగ మార్పిడి పద్ధతులను మెరుగుపరచగలదు, మూల కణాలను మాత్రం తయారుచేయలేదు. అవి మనిషే ఇవ్వాలి. రోగికీ దాతకూ హెచ్‌ఎల్‌ఏ అనే కణ గుర్తులు కలవాలి. తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటే. మిగతావాళ్లలో చాలామంది బయటి దాతల కోసం వెతుక్కోవాలి. ఈ గుర్తులు పూర్వికుల నుంచి వస్తాయి కాబట్టి తెలుగువాడికి సరిపోయే దాత మనలోనే దొరికే వీలు ఎక్కువ. ప్రపంచ రిజిస్ట్రీల్లో మనవాళ్లు తక్కువ. అందుకే హైదరాబాదులో ఉన్నా, డల్లాస్‌లో ఉన్నా, ల్యుకీమియా వచ్చిన మన బిడ్డకు దాత దొరకడం తెల్లజాతి బిడ్డకన్నా కష్టం.

పేరు నమోదు చేసుకోవడానికి బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్ది ఇస్తే చాలు. మన దేశంలో చెన్నై కేంద్రంగా పనిచేసే దాత్రి లాంటి రిజిస్ట్రీలు ఆ నమూనా తీసుకుంటాయి. ఎవరికైనా మీ గుర్తులు కలిస్తే, ఎక్కువమంది దాతలకు ఎముకలోకి సూది గుచ్చరు. కొన్ని రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి, తర్వాత ప్లేట్‌లెట్లు ఇచ్చినట్టే చేతి నరం నుంచి నాలుగైదు గంటల్లో మూల కణాలు తీసుకుంటారు. అవి ఒంట్లో మళ్లీ పుడతాయి. మీరు 18 ఏళ్లు దాటి, రిజిస్ట్రీ వయోపరిమితి లోపు ఉండి, ఆరోగ్యంగా ఉంటే ఈ వారమే ఆ నమూనా ఇచ్చి రండి.